తొమ్మిది పెన్నులూ డెబ్బై రెండు మెట్లూ

ఈల మాస్టారు అంకెలు మార్చాడనీ, ఆ సంగతి పట్టుబడబట్టే డాక్టరమ్మ ఆయన మెళ్ళో కార్డు లాగేసుకుందనీ ఈ నాలుగంతస్తుల ఇంట్లో కింది కొళాయి నుంచి పై డాబా దాకా చెప్పుకుంటున్నారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, నిజమే. కానీ పక్కింటి పొయ్యి పొగ చూసి మన కొంపంటుకుందని కేకలేసేవాళ్ళకు కూడా ఆ సామెతే పనికొస్తుంది. మాస్టారు అంకెలు మార్చలేదు. ఏం చేశాడో మొదటినుంచీ చెబితే ఇందులో ఎంత నిప్పుందో, ఎంత పొగుందో వినేవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన బడిపంతులు కాదు. ఫుట్‌బాల్ మైదానం కాపలాదారు. గేటు తీయడం, గేటు వేయడం, సున్నంపొడితో గీతలు గీయడం, బంతుల్లో గాలి కొట్టడం, ఆటగాళ్ళ చొక్కాలు ఉతికి ఆరేయడం ఆయన పని. ఒకప్పుడు తనూ ఆడినవాడే. ఇరవై ఏడో ఏట మోకాలు మడతపడితే ఆట అక్కడే ఆగింది, ఆయన మాత్రం మైదానంలోనే ఉండిపోయాడు. ఓసారి రిఫరీ రాకపోతే ఆటంతా తనే ఈలేసి నడిపించాడు. ఒక్కపూట వేసిన ఈలకు ఇరవై ఆరేళ్ళుగా పేరు నిలిచిపోయింది.

ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. అంతస్తుకు పద్దెనిమిది మెట్లు, మొత్తం డెబ్బై రెండు. సాయంత్రం మైదానం నుంచి వచ్చేసరికి ఆయన కాళ్ళలో ప్రాణం ఉండేది కాదు. రెండో అంతస్తు మలుపులో ఆగి, చేతిలో సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునేవాడు. సంచీలో బరువేమీ ఉండదు, రెండు తడి తువ్వాళ్ళూ ఓ ఖాళీ డబ్బా. ఆయాసం తీర్చుకోవడానికి అదొక సాకు. నలుగురూ చూస్తారని సాకు. లోపల కుట్టుమిషన్ తొక్కుతున్న భార్యకు ఆ అడుగుల చప్పుడు రెండో అంతస్తులో ఆగడం, మళ్ళీ మొదలవడం వినిపించేది. డాక్టరుకు చూపించుకోండి అని ఆవిడ అనడం, రేపు చూద్దాం అని ఆయన అనడం, ఆ ఇంట్లో గోడ గడియారం టిక్కుటిక్కుమన్నంత మామూలు.

అలా ఉండగా మైదానానికి డాక్టరమ్మ వచ్చింది. వైద్య కళాశాలలో ఆటగాళ్ళ గుండె గురించీ ఊపిరి గురించీ పరిశోధన చేస్తోంది. వయసు ముప్పై దాటి ఉండదు. ఎప్పుడూ చెవి మీద పెన్సిలు. మన ఊరి అమ్మాయిల జట్టులో పద్దెనిమిది మంది ఉన్నారు. రోజూ చేసే ప్రాక్టీసు అయ్యాక, రోజు విడిచి రోజు ఇంకో గంట వ్యాయామం చేయిస్తే దమ్ము ఎంత పెరుగుతుందో చూస్తానంది. కాస్త పరుగు, కాస్త విరామం, మళ్ళీ పరుగు. ఆపైన చిన్న బెజ్జం ఉన్న గొట్టంతో బలంగా గాలి లోపలికి లాగడం. ఎనిమిది వారాలు. ఆ గంట చేయించే మనిషిగా ఈల మాస్టారినే పెట్టుకుంది. స్టాప్‌వాచీ ఇచ్చింది. మెళ్ళో కార్డు వేసింది. కార్డు మీద శిక్షకుడు అని ఉంది. ఆ రోజు మాత్రం మాస్టారు రెండో అంతస్తులో ఆగకుండా ఎక్కాడని భార్య చెబుతుంది. పైకొచ్చాక పావుగంట మాట్లాడలేకపోయాడని కూడా ఆవిడే చెబుతుంది.

మొదటిరోజు ఊపిరి కొలిచే యంత్రం పనిచేస్తోందో లేదో చూడ్డానికి డాక్టరమ్మ ఆయన చేతే ఊదించింది. నాడి చూసింది. కూర్చున్న మనిషికి ఎనభై ఎనిమిది. పుస్తకం మొదటి పేజీలో ఓ మూల ఆ అంకె వేసి, చుట్టూ గీత గీసి వదిలేసింది.

తర్వాత చీటీలు. పద్దెనిమిది పేర్లు రాసి, మడిచి, మాస్టారి టోపీలో వేశారు. తీసింది ఆయనే. ముందు తీసిన తొమ్మిది మందికీ అదనపు గంట. టోపీలో మిగిలిన తొమ్మిది మందికీ ఏమీ లేదు, రోజూ ఉండే ప్రాక్టీసే. వాళ్ళ చేత కాగితం మీద సంతకాలు కూడా పెట్టించుకుంది, ఈ ఎనిమిది వారాలూ వేరే వ్యాయామం ఏదీ చేయమని. వీళ్ళేం పాపం చేశారమ్మా అని మాస్టారు నసిగితే డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది.

"కూరలో ఉప్పు ఏం పని చేసిందో తెలియాలంటే ఉప్పు వేయని గిన్నె ఒకటి పక్కన ఉండాలి కదా మాస్టారూ. ఆ గిన్నె వీళ్ళు."

ఆయన తలూపాడు. అర్థమైంది కూడా. అర్థం కావడం వేరు, ఆ గిన్నె వైపు రోజూ చూస్తూ ఉండటం వేరు.

సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక తొమ్మిది మంది గీతల మధ్య పరుగెత్తేవాళ్ళు. తొమ్మిది మంది ప్రహరీ గోడ మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ చూసేవాళ్ళు. పద్దెనిమిది మందిలో ఆటలోకి దిగేది పదకొండు మంది. ఈ లెక్క డాక్టరమ్మ పుస్తకంలో లేదు, గోడ మీద ఉంది. ఎనిమిది వారాల తర్వాత పోటీలు. దమ్ము పెరిగినవాళ్ళు మైదానంలో ఉంటారు, పెరగనివాళ్ళు నీళ్ళ సీసాలు మోస్తారు. గోడ మీదివాళ్ళలో ఒక పొడుగు పిల్ల ఉంది. మధ్యలో ఆడుతుంది, నోరు కూడా పొడుగే. మూడోరోజు సాయంత్రం మాస్టారు గొట్టాలు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"మాస్టారూ, మీ చెయ్యి ఇంకొంచెం లోపలికి పోయుంటే నా చీటీ తగిలేది."

"పోలేదు కదమ్మా."

"అదే అంటున్నా. మీ చేతికి తెలీదు, మా కడుపుకి తెలుసు."

ఆ మాట ఆయన వెంట మెట్లెక్కింది.

ఆ మర్నాడు సాయంత్రం గోడ మీది తొమ్మిది మందీ ఈ ఇంటి మెట్ల మీద కూర్చున్నారన్నది అందరూ చూసిందే. మెట్టుకు ఇద్దరేసి. అప్పుడేం మాటలు నడిచాయో ఎవరూ వినలేదు. ఆ మర్నాడు పొద్దున్న ఐదున్నరకు మాత్రం వాళ్ళు మళ్ళీ వచ్చారు. చెప్పులు కింద విడిచి, వట్టి కాళ్ళతో, పిల్లుల్లా.

డెబ్బై రెండు మెట్లూ వేగంగా ఎక్కడం, మెల్లగా దిగడం, మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి నాడి లెక్కపెట్టుకోవడం, అది దిగాక మళ్ళీ ఎక్కడం. మొదటివారం నాలుగుసార్లు, చివరికి పదిసార్లు. ఆ తర్వాత డాబా మీద ఊపిరి పని. గొట్టాలు డాక్టరమ్మ దగ్గర లెక్కప్రకారం తొమ్మిదే ఉన్నాయి. అందుకని తలా ఓ పెన్ను తెచ్చుకున్నారు. లోపలి రీఫిల్లు తీసిపారేసి, ముక్కు మూసుకుని, వట్టి పెన్నులోంచి గాలి లాగేవాళ్ళు. తొమ్మిది పెన్నులు ఒకేసారి లాగితే తలుపు బందుకు నూనె లేనట్టు కీచుమనేది.

మాస్టారు మొదట కిందే నిలబడి లెక్కపెడదామనుకున్నాడు. కిందనుంచి చూస్తే మూడో అంతస్తు కనపడదు. ఒకరిద్దరు అక్కడే వెనక్కి తిరిగి, పైదాకా వెళ్ళొచ్చినట్టు ముఖం పెట్టుకుని దిగుతున్నారని ఆయనకు రెండోరోజే తెలిసింది. తనూ ఒకప్పుడు అలా ఎగ్గొట్టినవాడేగా. దొంగకు దొంగ అడుగులు తెలియవా. చేసేదిలేక వాళ్ళ వెనకే ఎక్కడం మొదలుపెట్టాడు, గొర్రెల వెనక కాపరిలా, అందరికన్నా వెనక, రెయిలింగు పట్టుకుని. పొద్దున్న మెట్లు, పగలంతా ఎండలో గీతలు, సాయంత్రం అదనపు గంట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలో ఉండగానే కునుకు పట్టేది. భార్య భుజం తట్టి లేపితే ఉలిక్కిపడి, ఎంత దిగింది అని నాడి గురించి అడిగేవాడు.

పుకారు పుట్టింది అక్కడే. మొదటి అంతస్తులో పిన్నిగారున్నారు. ఈ ఇంట్లో ఎవరింటి పాలు పొంగినా ముందు ఆవిడకే వాసన వస్తుంది. ఓ పొద్దున్న తలుపు ఓరగా తీసి చూస్తే, మాస్టారు ఒక్కడే మెట్ల మలుపులో మెడ పట్టుకుని, పైకి చూస్తూ, ముప్పై రెండు, ముప్పై మూడు అంటున్నాడు. పిల్లలు అప్పటికే డాబా మీద ఉన్నారు, ఆవిడకు కనపడలేదు. పాపం మెదడు అలిసిపోయింది అనుకుంది పిన్నిగారు. పదిరోజుల తర్వాత చెత్తబుట్ట పక్కన తొమ్మిది కొత్త రీఫిల్లులు కనిపించాయి. రాయని రీఫిల్లులు ఎవరు పారేస్తారు. దాంతో పిచ్చి కాస్తా దొంగరాతలైంది. ఎక్కడో ఏదో రాసి మారుస్తున్నాడన్నారు. ఆ విత్తనమే తర్వాత చెట్టయింది.

ఎనిమిది వారాలు పూర్తయ్యాయి. పరీక్షరోజు మాస్టారే ఇరవై మీటర్ల దూరంలో రెండు సున్నపు గీతలు గీశాడు. డబ్బాలోంచి బీప్ అంటుంది, ఆ లోపల అవతలి గీత చేరాలి. నిమిషం నిమిషానికీ బీపులు దగ్గరపడతాయి. చేరలేనివాళ్ళు తప్పుకోవాలి. అదనపు గంట చేసినవాళ్ళు బాగా పరిగెత్తారు. డాక్టరమ్మ సంతోషంగా రాసుకుంది. తర్వాత గోడమీది తొమ్మిది మంది దిగారు. వాళ్ళు ఎనిమిదో నిమిషం దగ్గర ఆగిపోవాలి, ఎనిమిది వారాల కిందట అక్కడే ఆగారు. ఆగలేదు. పొడుగు పిల్ల పది దాటింది. బీపు వెంట బీపు వస్తుంటే డాక్టరమ్మ పెన్సిలు చెవి మీదికి పోయింది, మళ్ళీ కిందికొచ్చింది. ఊదించి చూసింది. ఊపిరి పెరిగింది. ఆగిన నిమిషానికి నాడి చూసింది. అదీ చకచకా దిగుతోంది. రెండు గుంపులకూ తేడా వేలిగోరంత.

మాస్టారు స్టాప్‌వాచీ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. పెరిగిన ప్రతి అంకె దగ్గరా లోపల ఎగిరి గంతేసినట్టుండేది, ఆ వెంటనే ఎవరో కాలు పట్టి లాగినట్టుండేది.

సామాన్లగదిలో డాక్టరమ్మ చాలాసేపు కాగితాల మీద వంగి కూర్చుంది. చివరికి పెన్సిలు కింద పెట్టేసి, రోజూ చేసే ప్రాక్టీసే చాలన్నమాట, మన అదనపు గంట వల్ల ఒరిగిందేమీ లేదు అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. శుక్రవారం క్రీడా సంఘం కూర్చుంటోంది. ఆ సాయంత్రపు గంట తమకివ్వమని మైదానంలో నడకకొచ్చేవాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. పిల్లలకు దానివల్ల లాభం లేదని తేలితే ఇచ్చేస్తారు. ఇక ముందు ఏ ఆటగత్తెకూ ఆ గంట ఉండదు.

మెట్ల సంగతి మాస్టారి నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. గొట్టాలు కడిగి, తుడిచి, లెక్కపెట్టి పెట్టెలో సర్దాడు. చెబితే కార్డు పోతుంది. చెప్పకపోతే గంట పోతుంది. మధ్యలో డాక్టరమ్మ రాయబోయేది అబద్ధమవుతుంది, అదీ ఆవిడకు తెలియకుండా. పరీక్ష ఆదివారం అయింది. శుక్రవారం దాకా ఐదు రోజులు. సోమవారం గీతలు వంకరగా గీశాడు. మంగళవారం గేటు తాళం ఇంట్లో మరిచి మళ్ళీ నాలుగంతస్తులూ ఎక్కాడు. బుధవారం పొడుగు పిల్ల వచ్చి, జట్టులో తన పేరుందనీ, మెట్లవాళ్ళలో ఐదుగురికి చోటు దొరికిందనీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆయన ముఖం చూసి ఆగిపోయింది. మేం వెళ్ళి చెప్పేస్తాం మాస్టారూ, సంతకాలు పెట్టి తప్పింది మేమే కదా అంది. ఆయన ఒప్పుకోలేదు. మీరు నోరు విప్పితే మీ చోటు పోతుంది, ఆట మీద దృష్టి పెట్టండి అని పంపేశాడు.

గురువారం సాయంత్రం భార్య గుండీలు కుడుతూ ఉంది. సూదిలో దారం ఎక్కించి, తల ఎత్తకుండా అడిగింది.

"డాక్టరమ్మకు అబద్ధం చెప్పారా?"

"లేదు. ఒక్కటి కూడా చెప్పలేదు."

"నిజం చెప్పారా?"

ఆవిడ దారం కొరికి, మిషన్ సొరుగు లాగి, గుండీల డబ్బా పక్కనుంచి రబ్బరుబ్యాండు వేసిన కట్ట తీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిది వట్టి పెన్నులు. పరీక్ష అయ్యాక పిల్లలు గుర్తుగా ఉంచుకోమని ఇచ్చి వెళ్ళినవి.

"ఇవి నా సొరుగులో ఉంటే సూదులు ఎక్కడ పెట్టుకోను. పట్టుకెళ్ళండి."

శుక్రవారం పొద్దున్నే ఆయన కళాశాలకు వెళ్ళాడు. డాక్టరమ్మ గదిలో ఎముకల బొమ్మొకటి గుడ్లులేని కళ్ళతో చూస్తూ నిలబడి ఉంది. పెన్నుల కట్ట బల్ల మీద పెట్టి, మెట్ల సంగతి మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు, మధ్యలో ఎంతసేపు ఆగేవాళ్ళు. ఆవిడ అడ్డురాకుండా అంతా రాసుకుంది. రాసుకోవడం అయ్యాక పెన్సిలు పక్కన పెట్టి అప్పుడు కోప్పడింది. పెద్దగా అరవలేదు.

"రెండేళ్ళ నా పని ఇది. ఉప్పు వేయని గిన్నెలో కూడా ఉప్పేశారు మాస్టారూ. ఇప్పుడు ఏ గిన్నె రుచి చూసి ఏం చెప్పను?"

"తప్పేనమ్మా."

"అంకెలేమైనా ముట్టుకున్నారా?"

"లేదమ్మా. అవన్నీ వాళ్ళు పరుగెత్తినవే."

అది ఆవిడ నమ్మింది. నమ్మబట్టే సంఘం ముందు కూడా అదే చెప్పింది. ఈ తొమ్మిది మంది లెక్క కొట్టేయాలి, పోల్చడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి లాభం ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను, వచ్చే ఏడు కొత్త జట్టుతో మళ్ళీ చేస్తాను, అందాకా ఆ గంట ఎవరికీ ఇవ్వొద్దు అంది. సంఘం వాళ్ళు గొణిగారు. నడకవాళ్ళు ముఖాలు ముడుచుకున్నారు. గంట నిలిచింది. కార్డు మాత్రం పోయింది. స్టాప్‌వాచీ కూడా. వచ్చే ఏడు ఆ పనికి వేరే మనిషి వస్తాడు. గేటూ, సున్నమూ, చొక్కాలూ మాస్టారికే మిగిలాయి.

ఆ శుక్రవారం పొద్దున్న ఆయన లేచి వెళ్ళబోతుంటే డాక్టరమ్మకు ఏదో తట్టింది. మీరూ ఎక్కారా అని అడిగింది. వాళ్ళ వెనకే, అన్నాడు. చేయి ఇలా ఇవ్వమంది. గడియారం చూసుకుంటూ మణికట్టు పట్టుకుని నిమిషం ఊరుకుంది. డెబ్బై నాలుగు. పుస్తకం మొదటి పేజీ తిప్పి, మూలన గీత గీసి వదిలేసిన ఎనభై ఎనిమిది పక్కన ఆ అంకె వేసింది. ఆ రెండు అంకెలూ ఏ గుంపులోనూ చేరవు, ఏ పట్టికలోనూ ఎక్కవు. ఆవిడ కాసేపు వాటికేసే చూసి, పుస్తకం మూసి, వెళ్ళిరండి అంది.

ఇదీ జరిగింది. ఇందులో అంకెలు మార్చడం ఎక్కడుందో ఈ ఇంట్లో ఎవరికైనా కనిపిస్తే చెప్పొచ్చు. చెప్పుకునేవాళ్ళు ఆయన్ని ఒక్కసారైనా అడగలేదు. ఎదురైతే పక్కకు తప్పుకుంటారు, దాటాక మూతి తిప్పుకుంటారు. ఆయన కూడా ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఓపికుంటే కదా.

చివరికి అడిగింది పిన్నిగారే. నిన్న సాయంత్రం ఆయన సున్నం అంటిన చేతులతో, తువ్వాళ్ళ సంచీతో వస్తుంటే, మొదటి అంతస్తులో తలుపు బార్లా తెరిచి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. రీఫిల్లులు చూసి రాద్ధాంతం చేసింది తనేనని ఆవిడకు తెలుసు. తెలిసినా దానికన్నా ఆవిడను తినేస్తున్నది వేరే ఉంది. బంగారం లాంటి కార్డు మెళ్ళో పడ్డాక, వద్దన్న పని ఎందుకు చేసినట్టు? ఆ పిల్లలు బతిమాలారా, ఏడ్చారా, లేక ఆ చీటీల సంగతి మనసులో పెట్టుకున్నాడా?

"నాయనా, ఇన్నాళ్ళూ అడగలేదు, ఇవాళ అడుగుతున్నా. ఆ సాయంత్రం ఈ మెట్ల మీద వాళ్ళు నీకేం చెప్పారు? నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

మాస్టారు ఆగాడు. ఆయాసంతో కాదు. సంచీ చేయి మార్చలేదు.

"వాళ్ళేం చెప్పలేదు పిన్నిగారూ, నేనూ ఒప్పుకోలేదు. మెట్టుకు ఇద్దరేసి కూర్చున్నారు. ఒళ్ళు హూనమైపోయుంది, ఇంటికెళ్ళి పడుకోవాలి, లేచి దారివ్వండమ్మా అన్నాను. లేచారు. కిందికి దిగుతారనుకున్నా, పైకి ఎక్కడం మొదలుపెట్టారు. నా ఇల్లు కూడా పైనేగా."